బుగ్గలో ముద్ద

ఆ పిల్ల మొదటి రోజే నాకు నచ్చలేదు. స్కూటీ దిగి, చెప్పులు బయట విడిచి, నేను తుడిచిన గచ్చు ఆరకముందే వచ్చి పిల్లల మధ్య చతికిలబడింది. కుర్చీ వేస్తే "ఒద్దు ఆయమ్మా, కింద బాగుంది" అంది. ముప్పై ఏళ్లుగా ఆ గచ్చు తుడుస్తున్నదాన్ని, దాని మీద కూర్చుంటే ఎంత బాగుంటుందో నాకు తెలియదా?

అంగన్‌వాడీల్లో ఆయాలుగా కొత్తగా చేరిన అమ్మాయిలు దీన్ని చదువుతారని మా టీచరు చెప్పింది. తుఫాను రోజుల్లో పిల్లలకి గంజి కాచి పోసిన సంగతి రాయమంది. తుఫాన్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, కాగితం దండగ చేస్తే నాకు సహించదు. ఒక్క సంగతే రాస్తాను. అది నేను బాగా చేసిన పని కాదు.

మాది శ్రీకాకుళం తీరంలో చేపల వేట మీద బతికే ఊరు. ఇక్కడి వేట చాలక మగవాళ్లు ఏటా వానాకాలం మధ్యలో ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్ పోతారు. అక్కడి పెద్ద బోట్ల మీద ఎనిమిది నెలలు పని చేసి ఎండాకాలానికి తిరిగొస్తారు. వాళ్లు వెళ్లిన మర్నాడు సెంటర్‌లో పిల్లలు దిగులుగా ఉంటారు. రెండో రోజుకి మామూలే. ఆ ఏడు ఒక నాలుగేళ్ల గుంట మాత్రం మామూలు కాలేదు.

అన్నం వద్దనేది కాదు. ముద్ద పెడితే నోరు తెరిచేది. నమలదు, మింగదు. ఎడం బుగ్గలో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. మిగతా పిల్లలు మధ్యాహ్నం పడుకుని లేచినా ఆ బుగ్గ అలాగే ఉబ్బి ఉండేది. కిందటేడు తండ్రి వెళ్లినప్పుడు కూడా పది రోజులు ఇలాగే చేసి మానేసింది. ఈసారి నెల దాటిపోయింది.

నా సెంటర్‌లో తినకుండా లేచిన పిల్ల లేదు. అది నా గొప్ప. పళ్లెంలో మెతుకు మిగిలితే నాకు ఒళ్లు మండుతుంది. తిన్నాక ప్రతి పిల్లా నా ముందు నిలబడి "ఆ" అని నోరు తెరవాలి. లోపల ఏమీ దాచలేదని చూశాకే చెయ్యి కడుక్కోనిస్తాను. ఈ గుంట "ఆ" అంటే పెట్టిన ముద్ద పెట్టినట్టే కనబడేది. ఒకరోజు ముక్కు మూసి మింగించబోయాను. నా చీర నిండా వాంతి చేసుకుంది. టీచరు, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, నా మీద లేచింది.

"గుంట ఆయమ్మా అది! గోనెసంచిలో ఊక కుక్కినట్టు కుక్కేస్తన్నావేటి?"

డాక్టరుగారు చూసి గొంతులో ఏ జబ్బూ లేదన్నారు. బరువు కార్డులో గుంట గీత ఎర్ర రంగులోకి దిగింది. అప్పుడు సూపర్‌వైజరు మేడం ఈ స్కూటీ పిల్లని పంపింది. గజపతినగరం వైపు రైతుల ఇంటి పిల్ల. మనసులో బాధలున్నవాళ్లతో మాట్లాడే చదువేదో చదివిందట. మంగళవారం మంగళవారం వస్తుంది. సూది వెయ్యదు, మాత్ర ఇవ్వదు. ఊళ్లో ఆడవాళ్లు "మాటలమ్మ" అని పేరు పెట్టేశారు. ముప్పై ఏళ్లలో నాకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. పెట్టి ఉంటే నా వెనకాల పెట్టి ఉంటారు.

మొదటి మంగళవారం గచ్చు మీద సుద్దతో చేపలు గీసింది. రెండో మంగళవారం ఇంకొన్ని గీసింది. తుడుచుకోవలసింది నేను. మూడో మంగళవారం గుంట పక్కన కూర్చుని తన అన్నం తను తింది. గుంట వైపు చూడను కూడా లేదు. గుంట ఆమెని చూసి, చూసి, ఒక కోడిగుడ్డు ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. టీచరు చప్పట్లు కొడితే పిల్లలందరూ కొట్టారు.

ఆ గుడ్డు ఉడకబెట్టింది నేను. వలిచింది నేను. ఉప్పు అద్దింది నేను.

"సూసినావా ఆయమ్మా, మన మాటలమ్మ!" అంది టీచరు.

"గుడ్డు బాగుడికింది. మింగింది" అన్నాను.

"అవునవును. ఈ నెల్లాళ్లూ నువ్వు పచ్చి గుడ్లు పెట్టినావు కామోసు."

అందరూ నవ్వారు. మాటలమ్మ నవ్వలేదు. ఆమె కూడా నవ్వేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ పై వారం గుంట తల్లి వచ్చి ఆమె దగ్గర కూర్చుంది. ఈ తల్లి కూడా చిన్నప్పుడు నా చేతి అన్నం తిన్నదే. దాని తండ్రి నాకు వరసకి అన్న, తల్లి వదిన. నేను దానికి అత్తని. కనిపిస్తే "బాగున్నావా అత్తా" అంటుంది, "బాగున్నానే" అంటాను, ఎవరి దారిన వాళ్లం పోతాం. అలాంటిది ఆ స్కూటీ పిల్ల ముందు నోరు విప్పింది. నేను వంటగదిలో, కడిగిన బియ్యాన్నే మళ్లీ కడుగుతూ విన్నాను. నా బతుకులో నీళ్లు దండగ చేసింది ఆ ఒక్క రోజే.

"నాను కూడా సిన్నప్పుడు ఇలగే సేసేదాన్ని మేడం. ఆకరి ముద్ద బుగ్గలో దాసీదాన్ని. అయ్య వచ్చినాక మింగుదామని."

"ఇప్పుడు?"



"ఇప్పుడూ అంతే. మా ఆయన రైలెక్కినాడంటే ఆకరి ముద్ద దిగదు. అది నోట్లో ఎట్టుకొని గుమ్మంలో కూకుంతాను. ఎంతసేపో నాకే తెల్దు."

"పాప చూస్తుందా?"

"ఏమో. నాను ఈధి కేసి సూస్తాను కదా."

"మీ నాన్నగారు ఎక్కడికెళ్లారు?"

"గుజరాత్ ఎల్లినాడు. ఇంకా రానేదు."

ఇక వినలేక పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోయాను.

అక్కడ నిలబడ్డాక నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. ఇరవై నాలుగేళ్లు నా కళ్ల ముందు తిరిగి ఈ మాట నాకు చెప్పలేదే, నిన్నగాక మొన్న వచ్చినదానికి చెప్పిందే అని కుళ్లు. భయం ఆ తరవాత వచ్చింది. ఎందుకంటే ఆ "గుజరాత్" నా మాట.

దాని తండ్రి గుజరాత్ వెళ్లలేదు. ఆ ఏడు ఊళ్లోనే ఉండి వేటకి పోయాడు. గాలివానలో తెప్ప తిరగబడింది. ఇద్దరు ఈదుకుని ఒడ్డుకొచ్చారు, ఆయన రాలేదు. శవం దొరకలేదు. సముద్రం మనిషిని తిరిగివ్వకపోతే మావాళ్లు కొన్నాళ్లు చూస్తారు. తరవాత గడ్డితో మనిషి బొమ్మ కట్టి, ఒడ్డున దానికే జరపవలసినవన్నీ జరిపిస్తారు. భార్య గాజులు తీసేది ఆ రోజే. ఇంకా అలా ఎదురుచూస్తున్న రోజుల్లో, ఐదేళ్ల పిల్ల పళ్లెం ముందు కూర్చుని అడిగింది: "అత్తా, మా అయ్యేడి?"

మిగతా పిల్లల తండ్రులు అప్పుడే రైలెక్కి ఉన్నారు. నోటికి ఎంత సులువుగా వచ్చిందో! "గుజరాత్ ఎల్లినాడే. నువ్వు ముద్దలన్నీ మింగితే ఎండాకాలం వచ్చీస్తాడు. మింగు." మింగింది. పళ్లెం ఖాళీ అయింది, నేను గిన్నెలు తోముకున్నాను. సాయంత్రం వదిన దగ్గరికి వెళ్లి గొప్పగా చెప్పాను కూడా: "ఇలగ సెప్పినాను, గుంట తినీసింది. నువ్వూ అలగే సెప్పు." వదిన అలాగే చెప్పింది. చెప్పాక ఇంక గడ్డి బొమ్మ ఎలా కట్టిస్తుంది, గాజులు ఎలా తీస్తుంది? పెద్దలు అడిగితే "గుంట పెద్దదవ్వనీ" అంది. గుంట పెద్దదైంది, పెళ్లయింది, దానికో గుంట పుట్టింది. వదిన చేతులకి గాజులు అలాగే ఉన్నాయి.

ఎండాకాలం అందరి తండ్రులూ దిగారు. ముద్దలన్నీ మింగినా దీని తండ్రి రాలేదు. అప్పటినుంచి అది ఆఖరి ముద్ద దాచడం మొదలుపెట్టింది. "ఆ" అనిపించినప్పుడు కనబడితే కసిరాను. నాలుగు తిట్లు తిన్నాక నా ముందు మానేసింది. మానేసిందనే నేననుకున్నాను. ఇప్పుడు దాని కూతురి బుగ్గ ఉబ్బిన మొదటి రోజే నాకు ఆ పాత బుగ్గ గుర్తొచ్చింది. గుర్తు రానట్టు పని చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్న గుంటని సెంటర్‌కి తీసుకెళ్లే వంకతో వాళ్ల గుమ్మంలోకి పోయాను.

"ఒసే, ఆ పిల్లకి అన్నీ సెప్పకు. నువ్వు సెప్పినవన్నీ పుస్తకంలో రాసుకుంతన్నాది. అది పెద్దాఫీసుకి పోతాది. తల్లికే బాగునేదని గుంటని తీసుకుపోతారు."

"నిజమేటత్తా?"

"ముప్పయ్యేల్లు సూసినాను. నాకు తెల్దేటి?"

ఆమె పుస్తకంలో ఏం రాస్తుందో నాకు తెలియదు. ఏ ఆఫీసుకీ పోదని మాత్రం తెలుసు.

తరవాతి మంగళవారం తల్లీ రాలేదు, గుంటా రాలేదు. పై మంగళవారమూ అంతే. మాటలమ్మ సుద్ద ముక్క చేత్తో పట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది. రెండు సార్లూ నేనే టీ పెట్టి ఇచ్చాను, అల్లం వేసి. అంతకు ముందు ఎప్పుడూ ఇవ్వలేదు. నా మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గెలిచినప్పుడు మర్యాద చెయ్యడం ఏమంత కష్టం కాదు.

బరువులు తూచే రోజు వచ్చింది. గుంటని ఇంటి నుంచి నేనే ఎత్తుకొచ్చాను. చంకలో ఉన్నట్టే లేదు. దారిలో రెండు సార్లు కిందికి చూసుకున్నాను, ఉందా జారిపోయిందా అని. టీచరు ముల్లు చూసి కార్డులో గీత గీసి నా వైపు తిరిగింది.

"డాక్టరుగారు ఒక్క వారం సూడమన్నారు. బరువు పెరక్కపోతే శ్రీకాకుళం పెద్దాస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం ఏస్తారట. ఆ మాటలమ్మ దగ్గర కాస్త మింగింది కదా ఆయమ్మా, మరెందుకు మానిపించీసినారో నాకు తెల్డం నేదు."

నాకు తెలుసు.

ఆ మంగళవారం ఆమె స్కూటీ దిగుతుండగానే ఎదురెళ్లాను. చెప్పులు విప్పనివ్వలేదు.

"వాళ్లు రారు. నీ దగ్గరికి పోవద్దని భయపెట్టింది నానే."

"ఎందుకు ఆయమ్మా?"

"కుళ్లు. నా సేతి ముద్ద మింగనేదు, నీ పక్కన మింగింది."

ఒకటి చెప్పాక రెండోది ఆగలేదు. గుజరాత్ సంగతీ చెప్పేశాను. ఆమె చివరిదాకా విని, "అయితే ఇది మీరే చెప్పాలి. ముందు మీ వదినగారిని అడగాలి, చెప్పొచ్చా అని" అంది. వదినని అడగాలని నాకు తట్టలేదు. ఆమెకి తట్టింది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్తూ కూడా దారంతా నేను అదే తలుచుకుని మండిపోయాను.

వదిన ఇంటి ముందు వల పరిచి చిన్న చేపలు ఆరబోస్తోంది. నా వెంట వచ్చిన మాటలమ్మ దడి దగ్గరే ఆగిపోతే, "ఊరికే నిలబడేకంటే ఆ కర్ర పట్టుకోమ్మా. కాకులొస్తన్నాయి" అని చేతికి కర్ర ఇచ్చింది. నేను వదిన పక్కన కూర్చుని, పిల్లకి నిజం చెప్పేద్దాం అన్నాను. వదిన తన చేతిలోని గుప్పెడు చేపలు నా ఒళ్లోకి విసిరింది.

"నువ్వే కదేటి ఆ మాట నా నోట్లో ఎట్టినావు? మొగుడు పోయినా గాజులేసుకు తిరుగుతాది అని బజార్లో నా ఎనకాల ఎన్నన్నారో నీకు తెల్దేటి? నీకు ఏ బాదా నేదు. పిల్ల కోసం నాను పడ్డాను. ఇప్పుడొచ్చి తీసెయ్యమంతావా?"

"గుంట ఆస్పత్రి పాలవుతాది వదినా. అది మన అబద్దాన్నే బుగ్గలో ఎట్టుకుని కూకున్నాది."

వదిన చాలాసేపు చేపలు ఏరుతూ కూర్చుంది. చివరికి "నువ్వే సెప్పు మరి. నాకు నోరు రాదు" అంది.

కూతురు బోరింగు దగ్గర్నించి బిందె ఒక చంకలో, గుంట ఒక చంకలో వేసుకుని వచ్చింది. గుంట బుగ్గ పొద్దుటి ముద్దతో ఉబ్బే ఉంది. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు.

"మీ అయ్య గుజరాత్ ఎల్లనేదే. తెప్ప తిరగబడి సముద్రంలో పోనాడు. ఆ అబద్దం ఆడింది నానే. మీ అమ్మ సేత ఆడించింది నానే."

అది బిందె దింపింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నాకు తెలుసత్తా."

"ఎప్పట్నించే?"

"రెండో తరగతి నించి. బడిలో గుంటలు సెప్పీసినారు."

వదిన లేచి నిలబడింది. "మరి నన్నెందుకు అడగనేదే?"

"అడిగితే నువ్వు గాజులు తీసీయాలి కదమ్మా. నువ్వు తియ్యనేదు. నీకింకా ఆశ ఉన్నాది కామోసని నాను ఊరుకున్నాను."

"ఓలమ్మో! నీ కోసం కదే నాను ఉంచుకున్నాను!"

తల్లీ కూతుళ్లు ఆ చేపల మధ్యే కూలబడి ఏడ్చారు. ఇరవై నాలుగేళ్ల కిందట ఏడవవలసిన ఏడుపు. అప్పుడు ఏడవనివ్వనిది నేను. గుంట ఒకసారి తల్లి మొహం, ఒకసారి అమ్మమ్మ మొహం చూస్తోంది.

కాస్త తెరిపినపడ్డాక తల్లి నాతో అంది: "తెలిసినా నోరు మానదత్తా. ఆయన రైలెక్కితే అయ్యే గుర్తొస్తాడు. ముందు అలవాటుగా గుజరాత్ అనీసినా, ఆనక అయ్య పోనాడని మాటలమ్మకి ఆ రోజే సెప్పీసినాను, గుజరాత్ అని సెప్పింది మా ఆయమ్మత్త అని కూడా."

నేను దడి వైపు తిరిగాను. ఆమె మాకు వీపు పెట్టి కాకుల్ని తోలుతోంది. అంటే గుజరాత్ సంగతి ఈ పిల్లకి ముందే తెలుసు. తెలిసే నా అల్లం టీ రెండు సార్లు తాగింది. తెలిసే ఇందాక నేను చెప్పిందంతా కొత్తగా వింటున్నట్టు వింది. నాకు తెలుసు అని ఒక్క ముక్క అనేసి ఉంటే నేను ఈ గుమ్మం దాకా వచ్చేదాన్ని కాదు. అంత నోటి కట్టు ఆ వయసులో ఎలా వచ్చింది? నాకు అరవై దాటినా రాలేదు. కుళ్లు ఆ రోజు తగ్గుతుందనుకున్నాను, రెట్టింపయింది.

గుంట ఆ రోజేం మింగలేదు. మీరు అలాంటివి ఆశపడకండి. వెళ్లేముందు మాటలమ్మ నన్నడిగింది: "పిల్లల చేత 'ఆ' అనిపిస్తారు కదా ఆయమ్మా, పెద్దవాళ్ల చేత ఎప్పుడైనా అనిపించారా?" మర్నాటి నుంచి తల్లీ, అమ్మమ్మా సెంటర్‌కి వచ్చి గుంటతో పాటు తిన్నారు. తిన్నాక గుంట ముందు కూర్చుని నోరు తెరిచారు. గుంట తన తల్లి ఎడం బుగ్గలో వేలు పెట్టి చూసింది. "ఉన్నాది" అంది. తల్లి కళ్లు మూసుకుని మింగింది. మళ్లీ వేలు పెట్టి చూసింది. "నేదు" అంది. మూడు రోజులు తల్లి చేత మింగించాక, నాలుగో రోజు తన ముద్ద తను మింగి నా ముందుకొచ్చి నోరు తెరిచింది. నేను చూశాను. ఖాళీ. ఆస్పత్రికి వెళ్లే అవసరం రాలేదు. గీత ఎర్ర రంగు దాటడానికి మాత్రం చలికాలం పట్టింది.

ఆలస్యంగానైనా ఒడ్డున గడ్డి బొమ్మకి అన్నీ జరిపించారు. గాజుల దగ్గరికొచ్చేసరికి వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆడు ఏయించినవి ఎప్పుడో పగిలిపోనాయి. ఇవి నాను కొనుక్కున్నవి. మీకేటి?" అంది. పెద్దలు గొణిగారు. కూతురు నవ్వింది.

ఎండాకాలం గుంట తండ్రి వచ్చాడు. ఆ ఎండల్లోనే నా ఉద్యోగమూ అయిపోయింది. వానాకాలం మధ్యలో ఆయన మళ్లీ రైలెక్కాడు. ఈసారి గుంటని స్టేషన్‌కి తీసుకెళ్లి, ఎక్కడికో, ఎందుకో, సముద్రం ఎలాంటిదో తల్లి దాచకుండా చెప్పిందట. మర్నాడు మధ్యాహ్నం నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. కరివేపాకు ఇచ్చే నెపంతో సెంటర్‌కి పోయాను.

గుంట పళ్లెం ముందు ఉంది. నోట్లో ముద్ద ఉంది. నన్ను చూసి అడిగింది.

"మామ్మా, అయ్య ఎప్పుడొస్తాడు?"

రేపే వచ్చేస్తాడమ్మా, మింగు అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అంటే అది మింగుతుంది. నాకు తెలుసు.

"ఎండాకాలం వస్తాడని సూస్తన్నాం. సముద్రం కదే, నాను సెప్పనేను."

గుంట ఘొల్లుమంది. నా స్థానంలో వచ్చిన కొత్త ఆయా, మీలాంటి అమ్మాయే, గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "తింతన్న గుంటని ఎందుకేడిపిస్తావు మామ్మా? వస్తాడంటే నీ నోరు అరిగిపోద్దేటి?" అంది. గోడకి ఆనుకుని దాని పక్కన కూర్చున్నాను. ఏడ్చింది, ఏడ్చింది, ఎక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చింది. ఏడుస్తూనే నమిలింది. మింగింది. ముక్కు చీదుకుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. మెతుకు మిగల్లేదు.

తరవాత నా ముందు నోరు తెరిచి చూపించి, మూసి, అడిగింది.

"మాటలమ్మ ఎప్పుడొస్తాది?"

"మంగళవారం" అన్నాను. అనడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది.